నాలుగో వరస నుంచి లేసు గిన్నెలా ముడుచుకుంటోంది, ఏం చేయాలి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. రెండు నెలలుగా లేసు అల్లిక నేర్చుకుంటున్నాను. టీపాయ్ మీదకి గుండ్రంగా ఒకటి మొదలుపెట్టాను. మూడు వరసలు చక్కగా వచ్చాయి. నాలుగో వరస నుంచి అంచు పైకి లేచి గిన్నెలా అయిపోతోంది. రెండుసార్లు విప్పి అల్లినా అదే తంతు. దారం 20 నంబరు, కొక్కెం ఉన్న అల్లిక సూది (క్రోషే సూది) 1.25 మి.మీ. సూది మార్చాలా? మీరు ఇందులోకి ఎలా వచ్చారో కూడా చెబితే నాకు కాస్త ధైర్యంగా ఉంటుంది.

జవాబు:
సూది మార్చక్కర్లేదండి, ఆ దారానికి అది సరిపోతుంది. ముందు కుట్లు లెక్కపెట్టండి. సూది మీద ఒకసారి దారం చుట్టి అల్లే నిలువు కుట్టయితే మొదటి వరసలో 12, తర్వాత 24, 36, 48, ఇలా వరసకి పన్నెండేసి పెరగాలి. రెండో వరసలో ప్రతి కుట్టులోనూ జంట (అంటే ఒకే కుట్టులో రెండు కుట్లు), మూడో వరసలో ఒకటి విడిచి ఒకదానిలో జంట, నాలుగో వరసలో రెండు ఒంటి కుట్లు వేశాక మూడోదానిలో జంట. పెంపు తగ్గితే అంచు లోపలికి లాగి గిన్నె అవుతుంది. ఎక్కువైతే పావడా కుచ్చిళ్ళలా అలలు లేస్తాయి. వరస మొదట్లో వేసే మూడు గొలుసు కుట్లని ఒక కుట్టుగా లెక్కేసుకోవడం మర్చిపోకండి. నేను చాలాసార్లు అక్కడే తప్పాను.

ఇక నా సంగతి. మాది పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం దగ్గర పల్లె. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన అల్లిక మా వైపు ఇంటింటి పని అయింది. మధ్యాహ్నం వంట గిన్నెలు కడిగాక నాయనమ్మ అరుగు మీద కూర్చుని పువ్వులు అల్లేది. అమ్మది అతుకుపని, అంటే ఆ పువ్వులన్నిటినీ కలిపి ఒకటి చేయడం. ఏజెంటు దారం తూచి ఇచ్చేవాడు, అల్లింది తూచి పట్టుకెళ్ళేవాడు. చేతికొచ్చే కూలి చాలా తక్కువ. అందుకే నేను సూది ముట్టుకుంటే నాయనమ్మ లాక్కునేది. "కళ్ళు పోతాయే, చదువుకో" అనేది.

ఆవిడ పోయాక ట్రంకుపెట్టెలో ఒక మూట దొరికింది. ఆరు పువ్వులు పూర్తయ్యాయి. ఏడోది సగంలో ఉంది, సూది దానికే గుచ్చి ఉంది. ఆ ఒక్కటీ పూర్తి చేద్దామని కూర్చున్నాను. ఆవిడ కుట్టు బిగువుగా, సమంగా ఉంటే నాది వదులు. అమ్మ చూసి నా ఎడమ చిటికెన వేలికి దారం రెండు చుట్లు చుట్టి, చూపుడు వేలి మీదుగా తీసింది. అప్పటిదాకా నేను దారం వేలాడదీసి అల్లుతున్నాను! ఆ ఏడో పువ్వుకి మూడు వారాలు పట్టింది, కానీ సూది మళ్ళీ కింద పెట్టలేదు. 2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగు) వచ్చిందని చెబితే అమ్మ ఆ పువ్వు తీసి చాలాసేపు చేతిలో పట్టుకుంది. నాకు ఇది సాయంత్రాల సరదా, వాళ్ళకి పొట్టకూడు. అందుకే ఎవరి దగ్గరైనా చేతి లేసు కొంటే నేను బేరం ఆడను.

ప్రశ్న అడిగినవారు:
అక్కా, లెక్కపెట్టాను. నాలుగో వరసలో 41 ఉన్నాయి! మూడో వరసలో సరిగ్గా 36. మొత్తం విప్పాలా?

జవాబు:
వద్దమ్మా, నాలుగో వరస మొదలు దాకా విప్పితే చాలు, మూడో వరస అలాగే ఉంచు. విప్పిన దారం ముడతలు పడి ఉంటుంది కదా, కాస్త తడిపి ఆరబెట్టి వాడు. ఈసారి ప్రతి పన్నెండో కుట్టుకీ రంగు దారం ముక్క ఒకటి కట్టుకో, ఎక్కడ తప్పావో వెంటనే తెలుస్తుంది.

మరో జవాబు:
అంతా అయ్యాక చల్లనీళ్ళలో ఉతికి, పల్చటి గంజిలో ముంచి పిండండి. మెలిపెట్టకూడదు, రెండు అరచేతుల మధ్య నొక్కాలి. మందపాటి తువ్వాలు మీద పరిచి, అంచు గుండ్రంగా సర్ది, చుట్టూ గుండుసూదులు గుచ్చి నీడన ఆరనివ్వండి. సూదులు తుప్పు పట్టనివే వాడండి. తెల్లదారానికి తుప్పు మరక అంటితే ఒక పట్టాన వదలదు.