అరుగుల వీధి పాత ఫోటో: మిగిలిన మండువా ఇళ్ళనైనా కూల్చకుండా ఆపాలా?

మండువా లోగిలి:
రాజమండ్రిలో గోదావరి గట్టుకి దగ్గర్లో ఉన్న మా వీధి ఫోటో పెడుతున్నాను. 2003 పుష్కరాలకు ముందు రోడ్డు వెడల్పులో రెండు వరసల అరుగులూ పోయాయి. తర్వాత వాటి వెనక ఇళ్ళు కూడా ఒక్కొక్కటే పోయాయి. ఎడమ పక్క మూడో ఇల్లు మాది. బెంగుళూరు పెంకులు, టేకు స్తంభాలు, మోకాలెత్తు అరుగు. ఆ టేకంతా భద్రాచలం అడవుల్లో కొట్టి, తెప్పలు కట్టి గోదావరి మీద దింపిన కలప అని మా తాతగారు చెప్పేవారు. హేవలాక్ వంతెన మీద రైళ్ళు నడిచింది 1900 నుంచి. మా ఇల్లు అంతకంటే పాతది. వేసవి రాత్రుళ్ళు ఆ అరుగు మీద పడుకుంటే అర్ధరాత్రి దాటాక గోదావరి గాలి తగిలేది.

2027లో మళ్ళీ పుష్కరాలు. వెడల్పు మాట మళ్ళీ వినబడుతోంది. ఊళ్ళో మిగిలిన మండువా ఇళ్ళనైనా కూల్చకుండా ఆపమని అర్జీ పెడదామనుకుంటున్నాను. కందుకూరి వీరేశలింగం గారి ఇల్లు నిలబెట్టుకున్నాం కదా, మిగతావి ఎందుకు నిలబెట్టుకోకూడదు? ఏమంటారు?

ఆర్యాపురం:
సంతకానికి నేను రెడీ. ఈ ఫోటో చూపిస్తే మా అమ్మగారు చాలాసేపు ఫోను తిరిగి ఇవ్వలేదు.

గౌతమి లంక:
నేను ఒప్పుకోనండి. ఆ వీధిలోకి రిక్షా వస్తే సైకిలు మీదున్నవాడు దిగి గోడకి అంటుకోవాలి. మా అమ్మకి గుండెనొప్పి వచ్చిన రాత్రి అంబులెన్సు మెయిన్ రోడ్డు మీదే ఆగిపోయింది. మడత మంచం మీద వేసి అక్కడిదాకా మోసుకెళ్ళాం. పైగా ఆ అరుగులు కాలువ మీద కట్టినవి. తమ జాగా కానిదానికి అర్జీ ఏమిటి?

మండువా లోగిలి:
అమ్మగారి సంగతి విని బాధేసింది. కాలువ మాట మాత్రం ఒప్పుకోను. ఫోటో పెద్దది చేసి చూడండి. ముందు అరుగు అంచు, తర్వాత నాపరాళ్ళు, వాటి కింద కాలువ. మా దస్తావేజులో తూర్పు హద్దు "రాస్తా కాలువ" అని స్పష్టంగా ఉంది. అంటే కాలువ దాకా జాగా మాదే.

గడప దాకా కొలిచి గోడ మీద ఎర్ర గీత గీశారు. ముందు వసారా పోయాక మండువా దూలాలకి ఆనిక లేకుండా పోయింది. ఆ ఏడాది వానలకే వెనక భాగం కూలింది. మిగిలిన స్తంభాలు పాత కలప అడితికి వెళ్ళాయి. వాటిని లారీకి ఎత్తుతుంటే మా నాన్నగారు లోపలికెళ్ళి తలుపేసుకున్నారు. అది చూసినవాణ్ణి, నాకు కాలువ ఎక్కడుందో చెప్పకండి.

కాలువ గట్టు:
నాపరాళ్ళు కుడి పక్కే ఉన్నాయండి. ఎడమ పక్క కనబడడం లేదు.

గౌతమి లంక:
నేననేది కూడా అదే. ఎడమ పక్క కాలువకి అరుగే మూత. పూడిక తీద్దామంటే ఎవరి అరుగూ లేవదు. రెండు వానలు పడితే మురుగు గడపల్లోకి వచ్చేది.

మండువా లోగిలి:
ఎడమ పక్క నీడ పడింది. అందుకే రాళ్ళు కనబడవు. దస్తావేజు స్కాన్ చేసి పెట్టమన్నా పెడతాను.

ఇన్నీసుపేట పిన్ని:
మీరిద్దరూ కాలువ దగ్గరే ఆగిపోయారు. అరుగు అరుగు అంటున్నారు, దాని మీద ఆడవాళ్ళు ఎప్పుడు కూర్చున్నారు? మా వీధిలో అయితే కరెంటు పోయిన రాత్రుళ్ళు, అదీ మగవాళ్ళు లోపలికెళ్ళాక. పగలంతా మాకు కటకటాల వసారానే.

పెరటి వైపు ఇంకో సందు ఉండేది. పాకీవాళ్ళు వచ్చిపోయే దారి. నా చిన్నప్పుడు తెల్లారకముందే తట్టలతో వచ్చేవారు. వాళ్ళకి వీధి గుమ్మం వైపు నడిచే హక్కు లేదు. ఆ పనిని నిషేధించే చట్టం రావడానికి 1993 దాకా పట్టింది. ఆ సందు ఫోటో ఎవరింట్లోనైనా ఉందా? ఇళ్ళు కూల్చమని నేను చెప్పడం లేదు. వాన పడుతుంటే మండువాలో గంగాళాలు పెట్టి నీళ్ళు పట్టడం నాకు ఎంతిష్టమో. కానీ గుర్తు పెట్టుకుంటే మొత్తం గుర్తు పెట్టుకోవాలి.

ఆర్యాపురం:
పిన్నిగారూ, టాపిక్ అది కాదండి.

ఇన్నీసుపేట పిన్ని:
ఎందుకు కాదమ్మా? ఇల్లు ఉంచమంటే ఆ సందుతో సహా కదా ఉంచమనేది.

రాట్నాలమ్మ వీధి:
మాది ఇంకా నిలబడి ఉన్న మండువా ఇల్లు. పెంకు తిరగేసే మనిషి దొరకడం లేదు. దొరికినా పగిలిన పెంకుకి బదులు పెంకు లేదు. అన్నదమ్ములం నలుగురం, వాటాలు తేలలేదు. అర్జీలు పెట్టేవాళ్ళంతా చల్ల కదలకుండా హైదరాబాదు ఫ్లాట్లలో ఉంటారు, పెంకు కారితే బకెట్లు పెట్టుకునేది మేము.

రోడ్డు వెడల్పులో పోయిన జాగాకి ఇప్పుడు డబ్బుకు బదులు టీడీఆర్ బాండు ఇస్తున్నారు. ఆ బాండుతో ఇంకోచోట అంతస్తు వేసుకోవచ్చు, లేదా బిల్డరుకి అమ్ముకోవచ్చు. ఇల్లు కూల్చకుండా ఉంచుకున్నవాడికీ అలాంటి బాండు ఇవ్వమని అడగండి, మొదటి సంతకం నాది. ఊరికే "కూల్చొద్దు" అంటే మాత్రం అది మా నెత్తిన బండ.

మండువా లోగిలి:
మంచి మాట చెప్పారు. బాండు సంగతి అర్జీలో తప్పకుండా చేరుస్తాను. గౌతమి లంక గారూ, మీరు మాత్రం మొదట్నుంచీ అడ్డుపుల్లలే వేస్తున్నారు. మా వీధితో మీకు సంబంధం ఏమిటో చెప్పి మాట్లాడితే బాగుంటుంది.

గౌతమి లంక:
సంబంధం చెప్పమన్నారుగా, చెప్తాను. 1986 ఆగస్టు వరదకి ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. మా లంక మొత్తం మునిగింది. కట్టుబట్టలతో రాజమండ్రి వచ్చాం. మా నాన్న మీ అరుగు చివర కుట్టుమిషను వేసుకున్నాడు. అరుగు పడగొట్టేదాకా అక్కడే కుట్టాడు. నెలనెలా అద్దె కట్టాడు, రశీదు ఏనాడూ లేదు. మీ ఇంటిల్లిపాదికీ పండగ బట్టలు ఆయనే కుట్టాడు, గడప మాత్రం దాటలేదు. దాహం అడిగితే పైనుంచి చెంబుతో పోసేవారు, దోసిలి పట్టేవాడు.

మీ ఫోటో అంచు చూడండి. మిషను చక్రంలో సగం, దాని పక్కన వేలాడుతున్న గళ్ళ గుడ్డ. మిగతాది లేదు. కూర్చున్న మనిషి లేడు.

కాలువ ఎక్కడుందో నాకెలా తెలుసంటారా? అరుగు పలకల సందుల్లోంచి సూదులు జారి కింద మురుగులో పడేవి. చెయ్యి పెట్టి తీసింది నేను. మీ దస్తావేజు మీ దగ్గరే ఉంచుకోండి.

అరుగు పోయినందుకు మీకు పరిహారం వచ్చింది. మా నాన్నకి పైసా రాలేదు, ఆయన అక్కడ ఉన్నట్టు ఎక్కడా కాగితం లేదు.

కాలువ గట్టు:
మరి ఆ అరుగే కదండీ మీకు అన్నం పెట్టింది. అడ్డం అన్నారేం?

గౌతమి లంక:
రెండూ నిజమే. అన్నం పెట్టింది, అమ్మని మోసుకెళ్ళిన రాత్రి అడ్డమూ వచ్చింది. దాన్ని ఒట్టి గాలి, వెన్నెల అని రాస్తే నాకు కోపం వస్తుంది.

మండువా లోగిలి:
నువ్వు టైలరు గారి అబ్బాయివా? ముందే చెప్పొచ్చు కదా. వరదలో వచ్చినవాళ్ళని ఆ వీధిలో అరుగెక్కనిచ్చింది మా నాన్నగారొక్కరే. అడ్వాన్సు కూడా అడగలేదు. ఫోటో నేను కోసింది కాదు, ఆల్బంలో అంటుకుపోయిన మూల ఊడదీస్తే చిరిగింది. పరిహారం లాయరుకే సరిపోయింది. గడప సంగతి అంటావా, అప్పుడు నాకు పదేళ్ళు. నన్ను ఏం చెయ్యమంటావు? ఈ అర్జీ ఇళ్ళ గురించి. అద్దె లెక్కలు ఇందులో కలిపితే ఎవరూ చదవరు.

గౌతమి లంక:
చోటిచ్చామంటున్నారు. అద్దె తీసుకుని ఇచ్చారు. మీ పదేళ్ళ వయసుని నేను తప్పు పట్టడం లేదు, ఇప్పుడు రాసే అర్జీ గురించి అడుగుతున్నాను. ఇవాళ్టికీ పాత అరుగుల మీద గడియారాలు బాగుచేసేవాళ్ళు, ఇస్త్రీ బండ్లవాళ్ళు ఉన్నారు. ఇల్లు కూలిస్తే అపార్ట్‌మెంటు వస్తుంది, ఉంచితే దాన్ని హోటలు చేస్తారు. ఎటైనా వాళ్ళు పోవాల్సిందే. ఒక్క వాక్యం చేర్చండి: ఏ ఇంటిని కొలిచినా దాని అరుగు మీద పని చేసుకునేవాళ్ళ పేర్లు కూడా రాయాలని. చేరిస్తే సంతకాలు తెచ్చే బాధ్యత నాది. లేదంటే అర్జీ ఇచ్చే రోజు నేనూ వస్తాను, వద్దని చెప్పడానికి.

ఇన్నీసుపేట పిన్ని:
ఆ వాక్యం పెట్టు నాయనా. నీ ఇంటికి పోయేదేముంది?

రాట్నాలమ్మ వీధి:
పేర్లు రాస్తే రేపు వాళ్ళు హక్కులంటారు. నా సంతకం అనుమానమే.

మండువా లోగిలి:
ముసాయిదా ఆదివారం ఇక్కడే పెడతాను. బాండు సంగతి ఉంటుంది. ఆ వాక్యం ఉంటుందని ఇప్పుడు మాటివ్వలేను.

గౌతమి లంక:
ఇంటివాళ్ళ బాండుకి మాటిచ్చేశారు, మాకు ఆదివారం దాకా ఆగమంటున్నారు. సరే, చూస్తాను.