రాత్రిపూట ఉపగ్రహ చిత్రంలో గాలివాన మేఘాన్ని గుర్తుపట్టేదెలా?

అందరికీ నమస్కారం. మాది చిత్తూరు జిల్లా బంగారుపాళ్యం దగ్గర తోతాపురి మామిడి తోట. మే నెలలో ఒక్క గాలివాన కొడితే చాలు, తెల్లారేసరికి కాయలన్నీ చెట్ల కిందే పరుచుకుని ఉంటాయి. రాలిన కాయను అడిగేవాళ్లుండరు. అందుకే మన వాతావరణ ఉపగ్రహం ఇన్‌శాట్-3డీఎస్ చిత్రాలు చూస్తున్నాను. పగలైతే ఉబ్బెత్తుగా లేచే మేఘం, దాని నీడ తెలుస్తాయి. చీకటిపడ్డాక వేడిని బట్టి తీసే పరారుణ (ఇన్‌ఫ్రారెడ్) చిత్రమే దిక్కు. అందులో మేఘం పైభాగం ఎంత చల్లగా ఉంటే అంత తెల్లగా కనిపిస్తుంది కదా, దాంతో వాన కురవని పలచటి ఎత్తు మేఘాలు కూడా అచ్చం ఉరుముల మేఘాల్లాగే ఉంటున్నాయి. ఈ రెండింటినీ ఎలా వేరుచేయాలి? అరగంటకో చిత్రం వరసగా పెట్టుకుని, తెల్లమచ్చ ఎంత వేగంగా పెరుగుతోందో చూస్తే సరిపోతుందా? లేక చెన్నై వాతావరణ రాడార్ కూడా చూడాలా? కాయ కోతకొచ్చే టైం, చాలా టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.