డుబాయిస్ పటాలు: అంకెల బొమ్మల్లో ఒక జాతి జీవితం కనిపిస్తుందా?

గణాంక విద్యార్థి:
1900లో పారిస్ ప్రపంచ ప్రదర్శన కోసం అమెరికా నల్లజాతి సామాజిక శాస్త్రవేత్త డబ్ల్యూ.ఈ.బి. డుబాయిస్, అట్లాంటా విశ్వవిద్యాలయంలోని ఆయన బృందం చేత్తో గీసి రంగులు వేసిన గణాంక పటాలను (గ్రాఫులను) లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వెబ్‌సైటులో చూస్తున్నాను. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో ఉన్న నల్లజాతివారిలో 1890 నాటికి ఎంతమంది నగరాల్లో, ఎంతమంది పల్లెల్లో ఉండేవారో చూపే పటం ఒకటి నాకు అంతుపట్టలేదు. పెద్ద నగరాల్లోని 78,139 మందికి ఒక ఆకుపచ్చ గీత, చిన్న పట్టణాలవారికి నీలం, పసుపు గీతలు ఉన్నాయి. పల్లెల్లోని 7,34,952 మందికి మాత్రం చుట్టలు చుట్టుకుంటూ పోయే పెద్ద ఎర్ర గీత ఉంది. చుట్టుకున్న గీత పొడవును కంటితో అంచనా వేయలేమని మాకు తరగతిలో చెబుతారు. అలాంటప్పుడు ఆయన ఈ పద్ధతిని ఎందుకు ఎంచుకున్నారు? ఇటువంటి బొమ్మ ఒక సమాజపు ఆలోచనల గురించి ఏమైనా చెప్పగలదా?

చరిత్ర పాఠకురాలు:
ఎర్ర గీతను తిన్నగా గీస్తే అది ఆకుపచ్చ గీతకు తొమ్మిది రెట్లు దాటుతుంది, కాగితం చాలదు. కాగితానికి సరిపడా కుదిస్తే, 5,000 నుంచి 10,000 జనాభా గల పట్టణాల్లో ఉన్న 8,025 మంది గీత దాదాపు చుక్కగా మిగులుతుంది. కచ్చితమైన సంఖ్య ఎలాగూ పక్కనే రాసి ఉంది కనుక, బొమ్మ చేయవలసిన పని కొలత కాదని నా అభిప్రాయం. ఆ గీత వెంట కన్ను తిరుగుతూ తిరుగుతూ వెళ్తున్నప్పుడు, బానిసత్వం రద్దయి పాతికేళ్లు గడిచినా ఈ ప్రజల్లో అత్యధికులు ఇంకా పల్లెల్లోనే ఉన్నారన్న సంగతి మనసుకు తడుతుంది. పట్టీల గ్రాఫు ఆ పని ఇంత బలంగా చేయదు.

పటాల అభిమాని:
ఆలోచనల గురించి అడిగారు కాబట్టి, జార్జియా నల్లజాతివారి పట్టణ ఆస్తుల విలువను చూపే పటాన్ని తప్పక చూడండి. సంవత్సరాల వెంట సాగే గీత పక్కనే రాజకీయ అశాంతి, కూ క్లక్స్ (నల్లజాతివారిపై హింసకు దిగిన తెల్లజాతి ముఠా) దౌర్జన్యం, కొత్త పారిశ్రామికత, మూకహత్యలు, ఆర్థిక సంక్షోభం, ఓటు హక్కును తొలగించే చట్టాలు అన్న మాటలు రాసి ఉంటాయి. ఆస్తి లెక్క అక్కడ ఒక్కసారిగా చరిత్ర అవుతుంది.

గణాంక విద్యార్థి:
ఆ పటం చూశానండీ, చాలా కదిలించింది. అయితే గీత పక్కన కారణాన్ని రాయడం రుజువు లేని వాదన కాదా?

చరిత్ర పాఠకురాలు:
వాదనే. కానీ ఆ కాలంలో నల్లజాతివారు స్వభావరీత్యానే వెనుకబడినవారన్న నమ్మకం అమెరికాలోనూ ఐరోపాలోనూ చదువుకున్నవారిలో సైతం పాతుకుపోయి ఉంది. మాటలు లేకుండా గీతను వదిలేస్తే, అది పడిపోయిన ప్రతిచోటా చూసేవారు ఆ నమ్మకాన్నే కారణంగా నింపుకునేవారు. ఏమీ రాయకపోవడం కూడా అప్పుడు ఒక పక్షం వహించడమే అయ్యేది. అమెరికా నల్లజాతివారిలో బానిసలు, స్వతంత్రుల నిష్పత్తి చూపే పటంలో ఈ జాగ్రత్త మరోలా కనిపిస్తుంది: 1790లో 8 శాతం, 1860లో 11 శాతం ఉన్న స్వతంత్రుల ఆకుపచ్చ అంచు కింద నల్లటి రంగు కొండలా నిలిచి ఉంటుంది, 1870కి వచ్చేసరికి పటమంతా ఒక్కసారిగా ఆకుపచ్చగా మారుతుంది. దీనికి వ్యాఖ్య అక్కర్లేదు.

పటాల అభిమాని:
ఒక్క హద్దు మాత్రం గుర్తుంచుకోవాలి. జార్జియా నల్లజాతివారి ఇంటి సామాను, వంటింటి సామాను విలువ 1875లో 21,186 డాలర్ల నుంచి 1899 నాటికి 14,34,975 డాలర్లకు పెరిగిందని మరో పటం చూపుతుంది. అది పన్ను కోసం లెక్కకట్టిన విలువ; పన్ను అధికారి లెక్కకు ఎక్కినదే అందులోకి వస్తుంది. ఆ ఇళ్లలో పాడుకున్న పాటలు, చర్చిలో వినిపించిన మాటలు రావు. అందుకే కావచ్చు, ఆ ప్రదర్శనలో పటాలను ఒంటరిగా ఉంచలేదు. నల్లజాతి రచయితల పుస్తకాలు, జార్జియా ప్రజల ఫోటోలు వందలాదిగా వాటి పక్కనే పెట్టారు. మీరు పటాలు చూసినచోటే ఆ ఫోటోలూ దొరుకుతాయి, రెండూ కలిపి చూడండి.