వెయిట్లు మార్చినా టై-లైన్ ఊగిసలాట ఆగడం లేదు

ప్రశ్న:
మూడు ఏరియాల విద్యుత్ గ్రిడ్ మోడల్ మీద పనిచేస్తున్నాను. ఒక్కో ఏరియాకు ఒక్కో ప్రిడిక్టివ్ కంట్రోలర్ (ముందు జరగబోయేది మోడల్‌తో అంచనా వేసి ఆదేశాలిచ్చేది). శాంపిలింగ్ 1 సెకను, ప్రిడిక్షన్ హొరైజన్ (అది ముందుకు చూసే వ్యవధి) 10 శాంపిళ్లు. రెండో ఏరియాలో లోడ్ ఒక్కసారిగా పెంచితే ఫ్రీక్వెన్సీ బాగానే కోలుకుంటోంది, టై-లైన్ (ఏరియాలను కలిపే లైన్) పవర్ మాత్రం దాదాపు 30 సెకన్ల పీరియడ్‌తో ఊగుతూనే ఉంది. ఇన్‌పుట్ (కంట్రోలర్ ఇచ్చే ఆదేశం) మార్పు మీద వెయిట్ పెంచితే అంతా మందగించిందే తప్ప ఊగడం ఆగలేదు. కంట్రోలర్లు ప్లాన్లు ఇచ్చిపుచ్చుకునే ఇటరేషన్లు పెంచితే ఇంకా ఎక్కువైంది. ఏ వెయిట్ మార్చాలి?

జవాబు 1:
వెయిట్లను కాసేపు వదిలేయండి. ఇటరేషన్లు పెంచితే ఎక్కువైందన్నారు చూడండి, ఆచూకీ అక్కడే ఉంది. పక్కవారి ప్లాన్ తెలిసినా ప్రతి కంట్రోలర్ తన ఏరియా కాస్ట్‌నే (తేడాలకు, ఇన్‌పుట్ మార్పులకు వెయిట్లు వేసి కూడిన మొత్తం) తగ్గించుకుంటుంటే, ఇటరేషన్లు నాష్ సమతౌల్యం (ఎవరూ ఒంటరిగా ప్లాన్ మార్చి లాభపడలేని స్థితి) వైపు పోతాయి. అది స్థిరంగా ఉండి తీరాలని ఏమీ లేదు. వెంకట్, హిస్కెన్స్, రాలింగ్స్, రైట్ అనే పరిశోధకులు 2008లో ఆటోమేటిక్ జనరేషన్ కంట్రోల్ (ఫ్రీక్వెన్సీ, టై-లైన్ పవర్ నిలిచేలా ఉత్పత్తిని సర్దడం) మీదే ఈ సంగతి చర్చించారు. మూడు ఏరియాల కాస్ట్‌లనూ కలిపి అందరికీ ఒకటే ఇవ్వండి. ప్రతి ఇటరేషన్‌లో కొత్త ప్లాన్‌కు 1/3, పాతదానికి 2/3 వంతు ఇచ్చి కలపండి. మోడల్, టెర్మినల్ కాస్ట్ (హొరైజన్ చివరి స్థితికి వేసే కాస్ట్) సరిగా ఉంటే ఒక్క ఇటరేషన్‌తో ఆపినా వ్యవస్థ నిలబడుతుంది.

హొరైజన్ కూడా చాలదు. రీహీట్ టర్బైన్ (ఆవిరిని మళ్లీ వేడిచేసి వాడేది) టైమ్ కాన్‌స్టంట్, అంటే స్పందించే జాప్యం, ఒక్కటే 10 సెకన్ల దాకా ఉండవచ్చు. తానిచ్చిన ఆదేశం ఫలితం పూర్తిగా కనిపించకముందే మీ కంట్రోలర్ చూపు ఆగిపోతోంది. 40కి పెంచి చూడండి. కంట్రోల్ హొరైజన్‌కు (ఆదేశాన్ని మార్చుకోగల శాంపిళ్ల సంఖ్య) 5 చాలు, లెక్కల భారం పెద్దగా పెరగదు.

జవాబు 2:
ర్యాంప్ పరిమితిని (ఉత్పత్తి ఎంత వేగంగా మారవచ్చనే హద్దు) వెయిట్‌తో బిగించకండి, నేరుగా కన్‌స్ట్రెయింట్‌గా (దాటకూడని షరతు) రాయండి.

ప్రశ్న అడిగినవారు:
ఉమ్మడి కాస్ట్ అంటే పక్క ఏరియా మోడల్ నా దగ్గర ఉండాలి. వాళ్లు ఇవ్వకపోతే?

జవాబు 1:
నిజంగా కష్టమైన ప్రశ్న అదే. అప్పుడు ఏడీఎంఎం (ADMM: సమస్యను ముక్కలుగా పరిష్కరిస్తూ ఉమ్మడి విలువల మీద ఒప్పందానికి తెచ్చే పద్ధతి) వాడండి. సరిహద్దు బస్సుల (గ్రిడ్‌లో లైన్లు కలిసే చోట్లు) వోల్టేజీ ఫేజ్ యాంగిళ్ల మీద రెండు వైపులా ఒప్పందం కుదిరితే చాలు, మోడల్ ఎవరిది వారి దగ్గరే ఉంటుంది. ట్యూన్ చేయాల్సింది రో అనే పెనాల్టీ (ఒప్పందం కుదరకపోతే వేసే భారం). ప్రైమల్ రెసిడ్యువల్ (రెండు వైపుల విలువల మధ్య మిగిలిన తేడా) డ్యువల్ రెసిడ్యువల్ (ఒప్పుకున్న విలువ ఇటరేషన్‌కు ఇటరేషన్‌కు ఎంత మారుతోందో చూపేది) కంటే 10 రెట్లు దాటితే రోను రెట్టింపు చేయండి, డ్యువల్ అలా దాటితే సగం చేయండి. స్కేల్డ్ రూపంలో (డ్యువల్ వేరియబుల్‌ను రోతో భాగించి) రాసుకుని ఉంటే రో మారినప్పుడల్లా ఆ డ్యువల్ వేరియబుల్‌ను (ఒప్పందంలోని తేడాలను కూడబెట్టే విలువ) కూడా తిరిగి స్కేల్ చేయాలి. అయితే దీన్ని మధ్యలో ఆపితే ఒకే టై-లైన్‌కు రెండు ఏరియాలూ వేర్వేరు విలువలు పట్టుకుని ఉంటాయి. అందుకే 1 సెకనులో ఎన్ని ఇటరేషన్లు పూర్తవుతాయో ముందే కొలిచి చూడండి.