గో, మూవ్, వాక్, ట్రడ్జ్: ఏది ఎక్కడ వాడాలో పిల్లలకు ఎలా చెప్పాలి?

బనశంకరి_ట్యూషన్:
ఇక్కడ పదో తరగతి పిల్లలకు ఇంగ్లీషు చెబుతున్నాను. చాలామంది అనంతపురం, చిత్తూరు నుంచి వచ్చి బెంగళూరులో స్థిరపడిన ఇళ్ళవాళ్ళే. వ్యాసం రాయమంటే ప్రతి వాక్యంలోనూ 'వెంట్' పడుతుంది. సరే అని పర్యాయపదాల పట్టిక ఇస్తే 'ఐ స్ట్రోల్డ్ టు క్యాచ్ ద బస్' అని రాసుకొస్తున్నారు. ఏ పదం కుదురుతుందో వాళ్ళే తేల్చుకునే పద్ధతి ఏదైనా ఉంటే చెప్పండి.

పెన్నాతీరం:
పట్టికకు 'పర్యాయపదాలు' అని పేరు పెట్టడంతోనే చిక్కు మొదలైందండి. స్ట్రోల్ అంటే వాక్ కాదు, వాక్‌లో ఒక రకం. పరీక్ష సులువే: 'షీ ఈజ్ స్ట్రోలింగ్' నిజమైతే 'షీ ఈజ్ వాకింగ్' కూడా నిజమే. తిప్పి చూస్తే నిలబడదు. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం వాళ్ళ వర్డ్‌నెట్ (ఇంగ్లీషు మాటలను అర్థాల సంబంధాలతో కలిపి చూపే పదకోశం) క్రియలను ఈ మెట్ల వరసలోనే పేరుస్తుంది. కింది మెట్టు పదాన్ని ట్రోపోనిమ్ అంటారు. గో కింద వాక్, వాక్ కింద స్ట్రోల్.

ఒక్కో మెట్టు దిగుతుంటే ఒక్కో షరతు వచ్చి చేరుతుంది. స్ట్రోల్‌లో ఆ షరతు తొందర లేకపోవడం. బస్సు అందుకోవాలంటే తొందర ఉండి తీరాలి. అందుకే ఆ వాక్యం నవ్వొచ్చేలా ఉంది. వాండర్‌కు గమ్యం ఉండదు. 'వాండర్డ్ అరౌండ్ కబ్బన్ పార్క్' చక్కగా ఉంటుంది. ఎనిమిది గంటల క్లాసుకు 'వాండర్డ్ ఇంటు స్కూల్' అంటే ఆ పిల్లాడికి లెక్కలేదని అర్థం వస్తుంది. అదే చెప్పదలిస్తే సరే.

పై మెట్టులో కూడా ఒక తేడా ఉంది. మూవ్ అంటే చోటు మారడమే కానక్కరలేదు, ఉన్నచోట కదిలినా మూవే. ఎక్స్‌రే తీసేటప్పుడు 'డోంట్ మూవ్' అంటారు. 'డోంట్ గో' అంటే గది వదిలి పోవద్దని.

సిల్క్‌బోర్డ్_బాధితుడు:
పై జవాబు సరైనదే కానీ మన పిల్లల అసలు ఇబ్బంది వాక్య నిర్మాణంలో ఉంది. తెలుగులో దిక్కు ప్రధాన క్రియలో ఉంటుంది: ఎక్కాడు, దిగాడు, దాటాడు, వచ్చాడు. ఎలా అన్నది పక్కన '-తూ' చేర్చి చెబుతాం. ఇంగ్లీషులో ఎలా అన్నదే క్రియ అవుతుంది, దిక్కు చిన్న మాటలోకి పోతుంది. భాషల్ని ఈ తేడాతో రెండు తరగతులుగా చూపినవాడు భాషాశాస్త్రవేత్త లెనర్డ్ టాల్మీ.

'కుంటుతూ గదిలోంచి బయటికి వచ్చాడు' అన్నదాన్ని పిల్లలు 'హీ కేమ్ అవుట్ ఆఫ్ ద రూమ్ లింపింగ్' అని రాస్తారు. తప్పు కాదు, కానీ ఇంగ్లీషువాళ్ళు మామూలుగా 'హీ లింప్డ్ అవుట్ ఆఫ్ ద రూమ్' అంటారు. ఇలా చేయించండి: తెలుగు వాక్యంలో '-తూ' ఉన్న మాట కింద గీత గీసి దాన్నే క్రియ చేయాలి. తర్వాత ప్రధాన క్రియను చిన్న మాటగా మార్చాలి. ఎక్కితే అప్, దిగితే డౌన్, రోడ్డు దాటితే అక్రాస్, లోపలికైతే ఇంటు, మనల్ని దాటుకుని పోతే పాస్ట్. ఇందులో పోయేది ఒకటుంది: వచ్చాడా, వెళ్ళాడా అన్నది తెలియదు. చూసేవాడు ఎక్కడున్నాడో కథకు అవసరమైతే 'కేమ్ లింపింగ్ అవుట్' అనే ఉంచాలి.

మార్కులు పోయే చోట్లు: 'రీచ్డ్ టు మెజెస్టిక్' తప్పు, 'రీచ్డ్ మెజెస్టిక్' చాలు. అరైవ్‌కు మాత్రం 'ఎట్' కావాలి, నగరం పేరైతే 'ఇన్'. 'కేమ్ బై వాక్' ఊరంతా అంటుంది, పరీక్షలో 'వాక్డ్' అని రాయించండి. బస్సు దిగితే 'గాట్ ఆఫ్', ఆటో దిగితే 'గాట్ అవుట్ ఆఫ్'. 'రిటర్న్ బ్యాక్'లో బ్యాక్ దండగ.

హంద్రీ_ఒడ్డు:
నిఘంటువుల్లో తెలుగు అర్థం ఒకటే ఉండి మోసం చేసే జంటలు కూడా చూపించండి. 'కాళ్ళీడ్చుకుంటూ' అని ట్రడ్జ్‌కూ ఇస్తారు, షఫుల్‌కూ ఇస్తారు. షఫుల్‌లో పాదం నేల వదలదు, ముసలివాళ్ళ చెప్పుల చప్పుడు అది. ట్రడ్జ్‌లో పాదం లేస్తుంది కానీ అలసటతోనో, బరువుతోనో, బురదవల్లనో ప్రతి అడుగూ కష్టం. 'తూలడం' కూడా అంతే: స్టంబుల్ అంటే కాలికి ఏదో తగిలి ఒక్కసారి తడబడటం, స్టాగర్ అంటే పడిపోయేలా ఊగుతూ నాలుగడుగులు వేయడం. తాగినవాడిదైనా, దెబ్బ తిన్నవాడిదైనా అది స్టాగరే.

జారడానికి మూడున్నాయి. వాన పడ్డ మెట్ల మీద మనిషి స్లిప్ అవుతాడు, అనుకోకుండా. పార్కులో జారుడుబల్ల మీద పిల్ల స్లైడ్ అవుతుంది. బ్రేకు వేసినా చక్రం తిరగకుండా బండి జారిపోతే స్కిడ్. మీ ఊరి ట్రాఫిక్‌కు క్రాల్, ఇంచ్ రెండూ సరిపోతాయి. 'ఇంచ్డ్ ఫార్వర్డ్' అంటే ఆగుతూ అంగుళం అంగుళం.

బనశంకరి_ట్యూషన్:
గీత గీసే పద్ధతి రేపే మొదలుపెడతాను. ఇంకో రెండు సందేహాలు: ట్రావెల్‌కూ కమ్యూట్‌కూ తేడా ఎలా చెప్పాలి? 'వెంట్'ను పూర్తిగా మాన్పించాలా?

పెన్నాతీరం:
కమ్యూట్ అంటే ఇంటికీ పనికీ మధ్య రోజువారీ రాకపోకలే. వైట్‌ఫీల్డ్‌కు కమ్యూట్ చేస్తారు, తిరుపతికి ట్రావెల్ చేస్తారు. వీధి చివర కొట్టుకు ఈ రెండూ అతకవు, 'వెంట్' అనాల్సిందే.

వెంట్‌ను మాన్పించకండి. 'షీ వెంట్ టు ద బ్యాంక్ అండ్ ఓపెన్డ్ ఎన్ అకౌంట్' అన్నదాంట్లో ఎలా వెళ్ళిందో ఎవరికీ అక్కరలేదు. అక్కడ 'స్ట్రోడ్' పెడితే చదివేవాడు ఆ పెద్ద అంగలకు కారణం వెతుకుతాడు. ప్రాణం లేనివాటికీ పై మెట్టు పదాలే ఎక్కువ పనికొస్తాయి. రోడ్డు హొసూరుకు 'గోస్', చెరువు గట్టు వెంట 'రన్స్', కానీ ఏ రోడ్డూ 'స్ట్రోల్స్' కాదు.