క్రికెట్ తప్ప ఏమీ తెలియనివాడికి ఎంఎల్‌బీ ది షో 25 (బేస్‌బాల్ వీడియో గేమ్) ఎక్కుతుందా?

డాలస్_కుర్రాడు:
అందరికీ నమస్తే. డాలస్ వచ్చి ఏడాదిన్నర అయింది. మొన్న ఆఫీసువాళ్లు ఆర్లింగ్టన్‌లో రేంజర్స్ బేస్‌బాల్ మ్యాచ్‌కి లాక్కెళ్లారు, మొదటి మూడు ఇన్నింగ్స్ హాట్‌డాగ్ తింటూ గడిపేశా గానీ తర్వాత ఎందుకో ఎక్కేసింది. పీఎస్5 ఉంది, ది షో 25 కొందామని చూస్తున్నా. రివ్యూలన్నీ పుట్టినప్పట్నుంచీ బేస్‌బాల్ చూసినవాళ్లవే, నాకేమో ఇన్‌ఫీల్డ్ ఫ్లై అంటే ఏంటో కూడా తెలీదు. ఎక్కడ బాగుంటుంది, ఎక్కడ విసిగిస్తుంది, ఉన్నదున్నట్టు చెప్పండి.

రెండో_స్లిప్:
కొనేయ్ తమ్ముడూ, కాకపోతే మొదటి వారం ఏడుస్తావ్. బంతి వస్తే బ్యాటు ఊపాల్సిందే అనేది మనకున్న జబ్బు. ఇక్కడ పిచ్చర్ (మన బౌలర్ లాంటివాడు) చేతిలోంచి బంతి వదిలాక అది స్ట్రైక్ జోన్‌లోకి, అంటే బ్యాటర్ కొట్టాల్సిన హద్దులోకి, వస్తుందో లేదో తేల్చుకోవాలి, ఎడమ స్టిక్‌తో పీసీఐ అనే గురిని బంతి వచ్చే చోటికి జరపాలి, బటన్ నొక్కాలి, ఇదంతా రెప్పపాటులో. నిన్న రాత్రి సంగతి చెప్తా. మూడు బాల్స్ (జోన్ బయటికి పోతే మనం వదిలేసినవి), రెండు స్ట్రైకులు (మూడోది పడితే అవుట్), మూడు బేసుల్లోనూ మనవాళ్లే. స్లైడర్ అనే మెలిక బంతి మధ్యలోకి వస్తున్నట్టే వచ్చి చివర్లో బయటికి, కిందకి జారిపోయింది. ఊపేశా, అవుట్. చేతులు కట్టుకుని నిలబడి ఉంటే నాలుగో బాల్ అయ్యేది, వాక్ అని బ్యాటర్ ఊరికే మొదటి బేస్‌కి వెళ్తాడు, వెనకాలే అందరూ ఒక్కో బేస్ జరిగి ఊరికే ఒక రన్. ఈ ఆటలో అసలు మజా అదే, ఏ బంతిని వదలాలో నేర్పిస్తుంది. డైనమిక్ డిఫికల్టీ పెట్టుకో, నువ్వు కొడుతున్నకొద్దీ అదే గట్టిపడుతుంది.

పిచింగ్‌కి పిన్‌పాయింట్ అనే పద్ధతి ఎంచుకో. కుడి స్టిక్‌తో ఒక్కో రకం బంతికి ఒక్కో గీత గీయాలి, సంక్రాంతికి మెలికల ముగ్గు వేసినట్టే, చెయ్యి వణికితే బంతి నడిమధ్యకి పోయి సిక్సే (సారీ, హోమ్ రన్).

పాత_కన్సోల్:
అన్న చెప్పింది నిజమే గానీ రెండో వైపు కూడా విను. డైమండ్ డైనస్టీ అని కార్డుల మోడ్ ఉంటుంది, అక్కడ స్టబ్స్ అనే డబ్బుతో ప్యాకులు కొనమని ఊరిస్తూనే ఉంటారు. పైసా పెట్టకుండా కూడా మంచి టీమ్ కట్టొచ్చు, ఓపిక కావాలంతే, కానీ వచ్చే ఏడు కొత్త ఆట వస్తే ఈ కార్డులేవీ అందులోకి రావు. ఒక జట్టుని మనమే నడిపే ఫ్రాంచైజ్ మోడ్ ఏటా పెద్దగా మారదు. కామెంటరీ ఇరవై మ్యాచ్‌లకే బట్టీ వచ్చేస్తుంది.

నీకైతే రోడ్ టు ది షో అనే మోడ్ చాలు. ఒక్క ఆటగాడిగా హైస్కూల్ నుంచి మొదలుపెట్టొచ్చు, కాలేజీల్లో మీ టెక్సస్ యూనివర్సిటీ కూడా ఉంది, నీ వంతు వచ్చినప్పుడే ఆడతావ్ కాబట్టి మ్యాచ్ త్వరగా అయిపోతుంది. ఇంకోటి, 2023లో మొదలైన స్టోరీలైన్స్ అనే మోడ్ వదలకు. నల్లజాతివాళ్లని మేజర్ లీగ్స్‌లోకి రానివ్వని రోజుల్లో వాళ్లు ఆడుకున్న నీగ్రో లీగ్స్ కథలు, కాన్సస్ సిటీలోని నీగ్రో లీగ్స్ మ్యూజియం అధ్యక్షుడు బాబ్ కెండ్రిక్ స్వయంగా చెప్తాడు. ఆ లీగ్స్‌లో పేరుమోసిన పిచ్చర్ శాచెల్ పేజ్ మేజర్ లీగ్‌కి వచ్చేసరికి 42 ఏళ్లు, 1948లో. ఆయన బంతులు నీ చేత్తో వేస్తుంటే ఒళ్లు జలదరిస్తుంది, ఈ సిరీస్‌లో నాకు నచ్చిన భాగం అదొక్కటే అన్నా తప్పులేదు.

కూకట్‌పల్లి_పీసీ:
మాలాంటి పీసీ వాళ్లకి ది షో రాదు బ్రో, కడుపుమంట. దాని బదులు సూపర్ మెగా బేస్‌బాల్ 4 అనే ఇంకో గేమ్ ఆడుతున్నా. బొమ్మలు కార్టూన్ లాగా ఉంటాయి, ఇప్పటి అసలు జట్లు ఉండవు, కానీ డేవిడ్ ఓర్టిజ్ లాంటి పాత కాపులున్నారు. కష్టం ఎంతుండాలో పెట్టుకోడానికి ఈగో అని ఒక మీటర్ ఉంటుంది, సున్నా నుంచి 99 దాకా, నీ స్థాయికి తగ్గట్టు జరుపుకోవడమే.

డాలస్_కుర్రాడు:
కొనేశా. మొదటి మ్యాచ్ 14-0, 14 వాళ్లవి. అన్నీ ఊపాను. ఇన్‌ఫీల్డ్ ఫ్లై సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు.

రెండో_స్లిప్:
మొదటి, రెండో బేసుల్లో రన్నర్లు ఉండి, ఇద్దరు ఇంకా అవుట్ కానప్పుడు, బంతి పిచ్చుకలా పైకి లేచి ఇన్‌ఫీల్డ్‌లోనే (బేసుల దగ్గరి లోపలి మైదానం) తేలిగ్గా దొరికేలా ఉంటే, పట్టకముందే బ్యాటర్ అవుట్ అని అంపైర్ చెయ్యెత్తేస్తాడు. ఈ రూల్ లేకపోతే ఫీల్డర్ కావాలనే జారవిడిచి ఇద్దర్ని అవుట్ చేసేస్తాడు తమ్ముడూ.