సమస్యాపూరణం: గుప్పిటందు దూరె గుర్రబండి

సమస్యాపూరణమంటే ఇచ్చిన పాదానికి మిగతా పాదాలు కట్టి పద్యం పూర్తి చేయడం. ఈసారి మన బృందానికి నేనిచ్చిన సమస్య ఆటవెలది నాలుగో పాదం:

"గుప్పిటందు దూరె గుర్రబండి"

ఐదూ సూర్యగణాలే (మూడు లఘువులు, లేదా గురువు వెంట లఘువు). యతి, అంటే పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ పొత్తు, గు-గు. వానాకాలమంతా నెల్లూరులో మా వరండాలో కూర్చుని జట్కా నమూనా ఒకటి చేస్తున్నాను. చిన్నప్పుడు మేమెక్కిన జట్కాలాంటిదే ఒకటి ఓ తోటలో పడి ఉంటే టేపు పెట్టి కొలుచుకొచ్చాను. చక్రం నాలుగడుగులు, ముందు కర్రల కొస నుంచి వెనక మెట్టు దాకా పదడుగులు. సమస్య అక్కడే పుట్టింది. గుర్రపు పందేలూ రాజుల రథాలూ వద్దు, బండి మన వీధిదై ఉండాలి.

ఒంగోలు పంతులమ్మ గారి పూరణ:

అడుగు కంగుళ మను నట్టి లెక్కను దాత
చెక్క కోసి చేసె జిన్ని జట్క
మనుమరాలి కిచ్చె మక్కువ దీరంగ
గుప్పిటందు దూరె గుర్రబండి

నా మాట: అమ్మా, గణాల్లో వంక లేదు. రెండో పాదంలో చె-జి యతి కమ్మగా పడింది. చిక్కల్లా కొలతతోనే. అడుగుకు అంగుళమంటే పన్నెండో వంతు. నాలుగడుగుల చక్రమే నాలుగంగుళాలవుతుంది, బండి పదంగుళాలు. అది ఒళ్ళో పట్టే బొమ్మ, గుప్పిట్లో దూరదు. దూరాలంటే అడుగుకు పావు అంగుళం, అంటే 48వ వంతుకు దిగాలి. అప్పుడు చక్రం అంగుళం, బండి రెండున్నర. పైగా మూడో పాదంలో 'ఇచ్చె' అని వాక్యం ముగిసిపోవడంతో గుప్పిట ఎవరిదో తెలియలేదు.

ఉదయగిరి సోదరుడి పూరణ (వీళ్ళింట్లో చెక్క చెంచాలు, గరిటెలు చేస్తారు):

ఈనె చీల్చి యాకు లిరికించి కుండలో
పాత డబ్బ రేకు పట్ట జేసి
గుండుసూది యిరుసు గూర్చంగ మా యన్న
గుప్పిటందు దూరె గుర్రబండి

ఇది చేతులతో రాసిన పద్యం. ఆకులంటే చక్రం నడుమ ఉండే కుండ నుంచి అంచు దాకా వెళ్ళే పుల్లలు. నేను కొలిచిన బండిలో ఆకు మందం ఒకటిన్నర అంగుళం. 48వ వంతుకు దించితే 0.8 మిల్లీమీటర్లే. అగ్గిపుల్ల కూడా దానికి దూలంలా కనిపిస్తుంది. కొబ్బరి ఈనె చీలిస్తేనే ఆ సన్నదనం వస్తుంది. అసలు బండికి ఇనప పట్టా ఎర్రగా కాల్చి, సాగినప్పుడు చక్రానికెక్కించి నీళ్ళు పోస్తారు. అది చల్లారి ముడుచుకుని ఆకుల్నీ పూటీల్నీ (చక్రపు అంచుగా కూర్చే వంపు చెక్కల్ని) బిగిస్తుంది. ఈనె చక్రానికి ఆ నిప్పు పనికిరాదు కాబట్టి డబ్బా రేకే దారి. ఒక్క లోటు: పూటీల ఊసు లేదు. పూటీకి రెండాకుల లెక్కన పన్నెండాకులకు ఆరు పూటీలు. వాటిని వదిలేసి ఒకే వలయం కత్తిరించి పెడితే అది గడియారపు చక్రంలా ఉంటుంది తప్ప బండి చక్రంలా ఉండదు. నేను నాలుగు చక్రాలు పారేశాక తెలుసుకున్న సంగతిది.

కావలి నుంచి జట్కా తోలినవారి అబ్బాయి:

పగ్గ మింత గుంజ బక్కకు దిరుగును
వదలినంత బరుగు వాయు వగును
తోలువాని చేతి తోలుతా డది చాలు
గుప్పిటందు దూరె గుర్రబండి

దీని ముందు నేను లేచి నిలబడ్డాను. బొమ్మ లేదు, కొలత లేదు. నిజం గుర్రం, నిజం బండి, రెండూ పగ్గం పట్టిన పిడికిట్లో ఉన్నాయి. నాయనా, మీ నాన్న చెయ్యి కనబడింది ఇందులో. నమూనాలో నాకు లొంగనిది కూడా ఆ పగ్గమే. నూలు దారం వేస్తే బరువు చాలక గాల్లో బిర్రుగా నిలబడుతుంది. ఇప్పుడు సన్న రాగి తీగకు రంగు వేసి, వేలాడినట్టు వంచుతున్నాను.

కొత్త సభ్యుడు మొదటి పాదం "నెల్లూరు వీధిలో నేడు లేదు జట్క" అని పంపాడు. అబ్బయ్యా, నెల్లూరు తగణం (రెండు గురువులు, ఒక లఘువు), సూర్యగణం చోట కూర్చోదు. మొదటి పాదంలో నాలుగోది ఇంద్రగణం, తగణం అందులో ఒకటి కాబట్టి అక్కడ పెడితే యతితో సహా కుదురుతుంది. రెండో పాదంలో 'సడియు గానరాదు' అన్నావు. సడి వినబడేది కదా, అందుకని 'జాడ' చేశాను. మిగతాదంతా నీదే:

నేడు లేదు జట్క నెల్లూరు వీధిలో
గంట మువ్వ జాడ కానరాదు
ఫోను నొక్కి చూడ బొమ్మయై కనిపించి
గుప్పిటందు దూరె గుర్రబండి

రాత్రి పంతులమ్మ గారు తమ పద్యం దిద్ది పంపారు:

అడుగు నంత పావుటంగుళమున బెట్టి
చెక్క కోసి చేసె జిన్ని జట్క
మనుమరాలి కీయ మక్కువన్ దాతయ్య
గుప్పిటందు దూరె గుర్రబండి

ఇప్పుడు దూరిందమ్మా.